కడగని పేగు

మూత పెట్టేశాను. ఇక గంట. గోడ గడియారంలో రెండూ ఐదు, నా చేతి గడియారంలో రెండూ ఏడు, ఈ కాలేజీలో ఏ గడియారమూ ఇంకోదాన్ని నమ్మదు గనక నా చేతిదే లెక్క, మూడూ ఏడుకి మూత తియ్యాలి. పూరీలు పెట్టుకునే స్టీలు డబ్బా, అడుగున తడిపిన దూది, దూది మీద రెండు గాజు పుల్లలు, పుల్లల మీద రెండు స్లైడ్లు, ఒక్కో స్లైడు మీద మేకపిల్ల పేగులోంచి కోసిన ముక్క ఒకటి, ఉల్లిపొర కన్నా పల్చన, ఆ ముక్క మీద రెండేసి చుక్కల యాంటీబాడీ. ఆ నాలుగు చుక్కలతో సీసా ఖాళీ. తలకిందులు చేసి గోటితో కొట్టి మరీ దించాను, ఇక దేశం మొత్తం గాలించినా నాకు ఇంకో చుక్క ఇచ్చేవాడు లేడు. గది వేడిమి దగ్గర గంటసేపు ఉంచమని పుస్తకంలో ఉంది, ఆ రాసినవాడి గది కిటికీలోంచి మంచు కనపడుతుంటుంది కాబోలు, వాడికేం. ఇక్కడ నరసరావుపేటలో మే నెల ఆదివారం, పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు, జువాలజీ ల్యాబులో నాపరాయి బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే చురుక్కుమంటోంది. డబ్బా చుట్టూ తడిగుడ్డ చుట్టి, దాని ముందు స్టూలు వేసుకుని, పురుడు గది బయట కూర్చున్నట్టు కూర్చున్నాను. నోరు పిడచకట్టుకుపోతోంది, నీళ్లు తాగాలంటే లేవాలి, లేస్తే మళ్లీ వచ్చి కూర్చుంటానన్న నమ్మకం లేదు. గోధుమరంగు రాకపోతే ఈ నెలాఖరుకి థీసిస్ ఇచ్చేస్తాను, జూన్‌లో ఉద్యోగం పర్మినెంటు, తలుపు మీద డాక్టర్ మెహరున్నీసా అని బోర్డు. గోధుమరంగు వస్తే నాలుగేళ్ల చదువు అబద్ధం. ఏ రంగు కోసం నాలుగేళ్లు కళ్లు కాయలు కాచేలా చూశానో, ఆ రంగు ఇవాళ రాకూడదని కోరుకుంటున్నాను, సిగ్గు లేకుండా.

వరండాలో అమ్మ మాట్లాడుతోంది, అటెండరు కృపావరంతో. ఆదివారం మా మాంసం కొట్టు పని పదకొండుకల్లా అయిపోతుంది, అన్నయ్య బాజీ కత్తులు కడిగి పడుకుంటాడు, అమ్మకి మాత్రం పడుకోవడం చేతకాదు. నేను పొద్దున తినకుండా వచ్చానని క్యారియర్ పట్టుకుని ఈ ఎండలో నడిచొచ్చింది. బోటీ కూర. ఇవాళే, ఈ పూటే, బోటీ కూర తేవాలి. నాకు ముద్ద దిగలేదు, కృపావరం మాత్రం వేళ్లు నాక్కుంటూ తిన్నాడు, ఖాతూనక్క కడిగినట్టు పేగు ఈ ఊళ్లో ఇంకెవరూ కడగలేరనీ, వాసనన్నది రాదనీ అంటున్నాడు, ఆ మాటకి అమ్మ మురిసిపోయి ఎట్లా కడుగుతుందో చెబుతోంది, వందోసారి. నీళ్లు సలసల కాగనివ్వకూడదట, చెయ్యి పెట్టలేనంత వేడి చాలట, ఒక చివర చెంబుతో పోస్తుంటే రెండో చివర కారిపోవాలట, ఆ తర్వాతే పుల్లకు తొడిగి తిరగెయ్యడం, సున్నం, ఉప్పు, పసుపు. ఆ చెంబు. ఆ చెంబుడు వేడినీళ్లు. అమ్మీ, ఇక చాలు ఆపు అని అరవాలని ఉంది, అరిస్తే ఎందుకో చెప్పాలి, చెబితే ఆమె ఇక జన్మలో తలెత్తదు. తలెత్తకపోతేనేం అని కూడా ఉంది నాకు. నా తల వంచింది ఆమే గదా. అట్లా అనుకున్నందుకు నా చెంప నేనే పగలగొట్టుకోవాలి. రెండూ పదమూడు.

ఇదంతా ఏమిటో కృపావరానికి ఒకసారి చెప్పాను, మొదట్లో, ఉత్సాహం ఉన్న రోజుల్లో. పేగు లోపలి గోడ నున్నగా ఉండదు, సన్నటి వేళ్లు లేచి నిలబడి ఉంటాయి, వేళ్ల మొదట్లో గుంటలుంటాయి. కణం ఆ గుంటలో పుడుతుంది, పుట్టినప్పుడు దానికి ఏ పనీ రాదు, వేలు వెంట పైకి జరుగుతూ జరుగుతూ పని నేర్చుకుంటుంది, పాలు అరిగించే ఎంజైము తయారుచేసి తన అంచున పేర్చుకుంటుంది, మూడు నాలుగు రోజులు పని చేసి, కొసకు చేరి రాలిపోతుంది. పారుడు పట్టి విరేచనాలవుతున్న పిల్లలో పైవి ముందే రాలిపోతాయి, పని రాని పచ్చివి ఎగబాకి వాటి చోట కూర్చుంటాయి, మామూలుగా చూస్తే అదీ కణమే ఇదీ కణమే, పని వచ్చినదేదో రానిదేదో ఎట్లా చెప్పడం. అందుకు యాంటీబాడీ. ఆ ఎంజైముని కుందేలుకి ఎక్కిస్తే దాన్ని మాత్రమే పట్టుకునే పదార్థం కుందేలు నెత్తురులో పుడుతుంది. స్లైడు మీద వేస్తే ఎంజైము ఉన్నచోట అతుక్కుంటుంది, లేనిచోట కడిగితే పోతుంది, ఆ తర్వాత రంగు మందు వేస్తే అతుక్కున్నచోట గోధుమరంగు. కృపావరం అంతా విని, మనుషులక్కూడా ఇట్టాంటి చుక్క ఉంటే బాగుండు మేడమ్, మన కాలేజీలో సగం మందికి రంగు రాదు అన్నాడు. నేను పగలబడి నవ్వాను. నాకు వస్తుందన్న ధీమాతో నవ్వాను.

చిన్నప్పుడు అమ్మ పక్కన గొంతుక్కూర్చుని పేగు చివర పట్టుకునేదాన్ని, చేతుల్లో అది జారిపోతుంటే గోరు గుచ్చకుండా పట్టుకోవడం నాకు ఆరేళ్లకే వచ్చు. పెద్ద బళ్లో వేశాక బోటీ పిల్ల అన్నారు. బెంచీ మీద నా పక్కన కూర్చునేవాళ్లు పుస్తకం నిలబెట్టి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు, నా దగ్గర వాసన ఏమీ లేదు, రోజూ రెండుసార్లు స్నానం చేసేదాన్ని, అయినా వాళ్లకి వచ్చేది. కాలేజీలో చేరాక మణికట్టుకి అత్తరు రాసుకోవడం మొదలుపెట్టాను. ఎమ్మెస్సీలో సీటు వచ్చిన రోజున, ఇక దొడ్లోకి రానని అమ్మతో చెప్పేశాను, మేకని కోసే చోటికీ, పేగులు కడిగే రాతి దగ్గరికీ రానని, చదువుకున్నదాన్ని అని. అమ్మ సరేనంది, రావద్దులే అంది, ఆమెకి అదే గొప్ప. ఆ తర్వాత విధి ఎంత వెటకారం చేసిందంటే, పరిశోధనకి నాకు దొరికిన అంశం పేగు. మా గైడు యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు, ఆరోగ్యంగా ఉన్న మేకపిల్లల పేగులు కావాలి, తాజాగా కావాలి, నీకేమ్మా, మీ ఇంట్లోనే ఉన్నాయిగా అన్నాడు. నేను వెళ్లలేదు. నాలుగేళ్లలో ముప్పై ఒక్క పిల్లలు కోశారు, ఒక్కదాని దగ్గరికి కూడా వెళ్లలేదు. బస్టాండులో సోడా కొట్టు పక్కన నిలబడేదాన్ని, ఫార్మలిన్ సీసాలో ముక్క వేసుకుని బాజీ సైకిలు మీద తెచ్చిచ్చేవాడు, అందరి ముందూ వాడు నన్ను పిలవకుండా సీసా చేతిలో పెట్టి పోయేవాడు, అట్లా అని నేనే చెప్పాను వాడికి. తిరిగొచ్చి నోటుబుక్కులో అందమైన చేతిరాతతో రాసేదాన్ని, జంతువు చనిపోయిన పది నిమిషాల్లోపు, శుభ్రమైన ముక్క, నేరుగా ఫార్మలిన్‌లోకి అని. ముప్పై ఒక్కసార్లు రాశాను. చూసినట్టే రాశాను.

రంగు రాలేదు. పారుడు పట్టిన పిల్లల్లో రాలేదంటే సరే, రాదనే అనుకున్నాం, కొట్టుకి గంతులేస్తూ వచ్చిన పిల్లల్లో కూడా రాలేదు, ఒక్కదానికి రాలేదు. యాంటీబాడీ చెడిందా అంటే చెడలేదు, దాన్ని పంపిన, మా గైడు గారి విదేశీ స్నేహితుడు వాళ్ల గొర్రెపిల్ల పేగు స్లైడు కూడా పంపాడు, దాని మీద వేసి చూస్తే అంచునంతా బెల్లంపాకం రంగు. మా ముక్కలు మామూలు రంగులో చూస్తే వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి, అంచు కాస్త ఉబ్బినట్టుంది, ఎండకి అనుకున్నాం. పల్నాటి ఎండ మీదికి ఏదైనా నెట్టెయ్యొచ్చు. నేను కంగారుపడ్డాను, మా గైడు మాత్రం పెళ్లివారింట్లో పెద్దలా వెలిగిపోయాడు. ఇది కొత్త సంగతమ్మా అన్నాడు, కరువు నేల మేక, దీని పేగులో కణం వేరే దారిలో ఎదుగుతోంది అన్నాడు, తన పేరు ముందు పెట్టి నా పేరు వెనక పెట్టి పత్రికకి పంపాడు, అచ్చయింది. పాలు తాగి పెరుగుతున్న పిల్లలకి పాలు అరిగించే శక్తి లేదని ఇద్దరం కలిసి రాశాం, ఇంగ్లీషులో రాశాం గనక ఎవరూ నవ్వలేదు. తెలుగులో రాసినప్పుడు నవ్వాడు ఒకడు. మేకల పెంపకందార్ల సభలో పంచడానికి గైడు కరపత్రం రాయించాడు నాచేత, మూడో వారం నుంచే పిల్లకి తల్లిపాలు తగ్గించి గంజి పట్టండి అని, అది చదివించుకుని అచ్చంపేట వైపు నుంచి వచ్చిన నాగయ్య అనే ముసలాయన లేచి నిలబడ్డాడు. "అరక్కపోతే ఎట్టా గెంతుతున్నయ్ తల్లా అయ్యి?" అన్నాడు. సభంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. మైక్రోస్కోపు చూపించే దాన్ని మీ కళ్లు చూపించలేవు తాతా అన్నాను, అందరికీ వినపడేలా అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని కూర్చున్నాడు. చదువుకున్నదాన్ని గదా, నా మాటే నిలబడింది.

రెండూ ముప్పై రెండు. గుడ్డ ఆరిపోతోంది, మళ్లీ తడిపాను. ఇంకో ముప్పై అయిదు నిమిషాలు.

ఏప్రిల్‌లో బాజీకి జ్వరం వచ్చింది, బస్టాండుకి రాలేనని కబురు పెట్టాడు, చివరి ముక్క అది, ముప్పై రెండోది, లేకపోయినా నడిచేది, అయినా లెక్క నిండుగా ఉంటుందని ఇంటికే వెళ్లాను. దొడ్డి తలుపు తీశాను, ఎమ్మెస్సీలో చేరాక మొదటిసారి. రాతి దగ్గర అమ్మ పీట వేసుకుని కూర్చుని ఉంది, ఎడమ చేతిలో పేగు, కుడి చేతిలో చెంబు, చెంబులోంచి ఆవిరి, పక్కన నా ఫార్మలిన్ సీసా మూత తీసి ఉంది. పోస్తోంది. ఒక చివర పోస్తే రెండో చివర కారుతోంది, అచ్చం ఇప్పుడు కృపావరానికి చెప్పినట్టే. అంచున ఉన్న ఎంజైము అంతా ప్రోటీను, గుడ్డు సొన మీద కాగిన నీళ్లు పోస్తే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది, ఇక ఏ కుందేలు నెత్తురూ దాన్ని గుర్తుపట్టదు. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. మొదట్నించీ అంది. ఎందుకు అన్నాను. అమ్మ చెంబు కింద పెట్టలేదు, పోస్తూనే చెప్పింది. "మీ సారు ఆ రోజు వాకిట్లో నిలబడి జేబుగుడ్డ ముక్కుకి పెట్టుకున్నాడు గదే. కంపు కొట్టే పేగు నీ చేత పంపిస్తే, నిన్ను చూసినప్పుడల్లా ఆయనకి కంపే గుర్తొచ్చుద్ది. అందుకని ఒక చెంబుడు పోసి ఇస్తన్నా. లోపలిది పోద్ది, పేగుకేం గాదు. నీకెందుకులే ఇయ్యన్నీ."

ఆ రోజు నాకూ గుర్తే. నేను చేరిన కొత్తలో, శాంపిల్స్ ఎక్కణ్ణించి వస్తాయో చూస్తానని గైడు కారులో వచ్చాడు. వాకిలి దాటలేదు. జేబుగుడ్డ ముక్కు మీంచి తియ్యలేదు. అమ్మ నిమ్మకాయ షర్బత్ కలిపి గాజుగ్లాసులో తెచ్చి పట్టుకుని నిలబడింది, ఆయన ఎడమ చేత్తో వద్దన్నాడు, అయిదు నిమిషాలు నిలబడి అంతా బాగుందమ్మా అని వెళ్లిపోయాడు. ఆ షర్బత్ నేను తాగాను, పారబోస్తే అమ్మ బాధపడుతుందని. మొత్తం వ్యవహారం ఆ అయిదు నిమిషాల్లో పాడైపోయిందని ఎవరికి తెలుసు. ఆయన లోపలికి పది అడుగులు వేసి ఉంటే చెంబు కనపడేది. నేను ముప్పై ఒక్కసార్లలో ఒక్కసారి పది అడుగులు వేసి ఉంటే కనపడేది. ఆయనకి మా ఇంటి వాసన పడలేదు, నాకూ పడలేదు, తేడా ఏమిటంటే ఆయన గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, నేను బస్టాండు అడ్డం పెట్టుకున్నాను. అమ్మ ఒక్కతే ఆ వాసన పోగొట్టడానికి ఏదో ఒకటి చేసింది. మర్నాడు ఇంకో పిల్లని కోస్తుంటే నేనే వెళ్లి నిలబడ్డాను, నా చేత్తో నేనే ముక్క కోసుకుని కడగకుండా సీసాలో వేశాను, అదే పేగులోంచి ఇంకో ముక్క అమ్మ కడిగి ఇస్తే పుచ్చుకున్నాను. ఆ రెండే ఇప్పుడు డబ్బాలో ఉన్నాయి, కడగనిది ఎడమ పక్కన, కడిగింది కుడి పక్కన.

గైడుకి ట్రంకు కాల్ చేశాను, పోస్టాఫీసులో గంటన్నర కూర్చుని. లైనులో గరగరలు, నేను అరిచి చెప్పాల్సి వచ్చింది, వేడినీళ్లు సార్, మా అమ్మ సార్, కడిగింది సార్ అని, క్యూలో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. ఆయన మెల్లగా, దయగా మాట్లాడాడు, ఆ దయే నాకు ఎక్కువ కాలింది. "చూడమ్మా, అచ్చయిపోయింది. మీ ఇంట్లో ఆడవాళ్లు పేగులు కడిగారని నేను పత్రికకి ఉత్తరం రాయాలా? నలుగురూ నవ్వుతారు. నన్ను చూసి కాదు, మీవాళ్లని చూసి. థీసిస్ ఇచ్చెయ్, ఆ మిగిలిన చుక్కలు పారబొయ్యి." మీవాళ్లు. నాలుగేళ్లూ మన శాంపిల్స్, మన పేపరు, మన కొత్త సంగతి, తప్పు దగ్గరికి వచ్చేసరికి మీవాళ్లు. ఫోన్ పెట్టేశాక డబ్బులు కట్టి బయటికొచ్చి, ఆయన చెప్పింది నిజమే గదా అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? పారబోస్తే పోలా? మూడు వారాలు ఆ మాటే అనుకుంటూ తిరిగాను. ముక్కల్ని మైనంలో పెట్టాను, కోశాను, స్లైడ్లకి ఎక్కించాను, అన్నీ చేశాను, సీసా మాత్రం ఫ్రిజ్‌లోంచి తియ్యలేదు. తియ్యకపోతే నాకు ఖాయంగా తెలియదు, తెలియకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు, అని నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. బాగానే వాదించాను.

మొన్న గురువారం నాగయ్య వచ్చాడు. సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంటే, అడుక్కుంటూ అడుక్కుంటూ ఈ ల్యాబు దాకా వచ్చాడు, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పాలు తగ్గించి గంజి పట్టాడట, నేను చెప్పినట్టే, మూడో వారం నుంచి. నాలుగు పిల్లలు పోయాయట. "మేం కళ్లతో చూసేవాళ్లం, నువ్వు మిషన్లో చూశావు. ఎక్కడో నేనే తప్పు చేసుంటా తల్లా. గంజి పల్చనైందా, చిక్కనైందా, అది చెప్పు," అన్నాడు. గంజి పల్చనైందా అని అడుగుతున్నాడు. నేను ఏం చెప్పానో తెలుసా, చూసి చెబుతాను తాతా, వచ్చే వారం రా అన్నాను. ఆయన తలూపి, మిగిలినయ్యి ఆరున్నయ్, వాటికి ఈలోపల ఏం పట్టమంటావు అన్నాడు. తల్లిపాలకి వదిలెయ్యి తాతా అన్నాను. వదిలేస్తే అరగవుగా అన్నాడు, నా మాట నాకే అప్పజెప్పాడు. వదిలెయ్యి, నేను చెబుతున్నాగా అన్నాను, కసిరినట్టు అన్నాను, మళ్లీ కసిరింది ఆయన్నే. అందుకని తీశాను సీసా. మంచితనంతో కాదు. ఆయన వచ్చే గురువారం మళ్లీ వచ్చి చెప్పులు గుమ్మం బయట విడుస్తాడు, అది నాకు భయం.

రెండూ యాభై ఎనిమిది. ఇప్పటికీ ఒక దారి ఉంది, ఎడమ పక్క స్లైడు చెయ్యి జారి నేల మీద పడితే చాలు, నాపరాళ్ల మీద గాజు ముక్కలవుతుంది, ఎవర్నీ అడగక్కర్లేదు, సీసా ఖాళీ, రుజువు లేదు. నా చెయ్యి ఒకసారి మూత మీదికి వెళ్లింది కూడా. ముప్పై ఏళ్లొచ్చాయి నాకు, పెళ్లి సంబంధాలు చదువయ్యాక అని తిప్పి పంపించాను, ఇంకో నాలుగేళ్లు ఇచ్చేవాడు ఎవడూ లేడు, ఇంకో గైడు నన్ను తీసుకోడు, ఇదే ల్యాబులో కప్పల్ని కోసి చూపించే డెమాన్‌స్ట్రేటరునై ముసలిదాన్నవుతాను, ఏటా కొత్తగా వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరు ముక్కుకు పుస్తకం అడ్డం పెట్టుకుంటారు. రంగు రాకూడదు. యా అల్లా, రంగు రానివ్వకు. ఇంత నీచమైన దువా ఎవరైనా చేసి ఉంటారా. నాలుగు పిల్లలు చచ్చినా సరే, ఇంకా ఎన్ని చచ్చినా సరే, నా తలుపు మీద బోర్డు ఉండాలి, ఇదే గదా నేను అడుగుతున్నది. మూడూ ఏడు.

మూత తీశాను. ఉప్పునీళ్లలో మూడుసార్లు కడిగాను, రెండో మందు వేసి అరగంట, అది మామూలుగా గడిచింది, ఆలోచనలన్నీ ఖర్చయిపోయినట్టు గోడ కేసి చూస్తూ కూర్చున్నాను. మళ్లీ కడిగి రంగు మందు వేశాను. అయిదు నిమిషాలు. కరెంటు లేదు గనక అద్దమున్న పాత మైక్రోస్కోపు కిటికీ దగ్గరికి జరిపి, అద్దం తిప్పి ఎండ పట్టాను. కుడి పక్కది ముందు పెట్టాను, అమ్మ కడిగింది. ఏమీ లేదు, నాలుగేళ్లుగా చూస్తున్న పాలిపోయిన వేళ్లే. ఎడమది పెట్టాను. కన్ను ఆనించేసరికి కనపడింది, వెతకనక్కర్లేకపోయింది. ప్రతి వేలికీ అంచు వెంట సన్నటి గోధుమరంగు గీత, గుంటల్లో ఏమీ లేదు, మెడ దగ్గర లేతగా మొదలై పైకి వెళ్లేకొద్దీ ముదిరి, కొసల దగ్గర చిక్కగా. పని రాని చోట లేదు, వచ్చిన చోట ఉంది. ఏది ఎక్కడ నేర్చుకుందో గీత గీసి చెప్పినట్టుంది. ఇంత అందమైనది నేను నా చేతులతో ఎన్నడూ చెయ్యలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, దేనికని అడిగితే చెప్పలేను, అందానికీ, నాకూ, ఆ నాలుగు పిల్లలకీ కలిపి ఏడ్చాను.

అప్పుడు అమ్మని పిలిచాను. ప్రేమతో కాదు, ఒళ్లు తెలియని కోపంతో పిలిచాను, చూడు, ఏం చేశావో చూడు అని చూపించడానికే పిలిచాను. ఆమె ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు, చేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుని, ఏదీ తాకకుండా బల్లల మధ్య నుంచి ఒదిగి ఒదిగి వచ్చింది. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకో అన్నాను. కాసేపటికి కుదిరింది. ఊపిరి బిగబట్టి చూసింది.

"ఏందే ఇది, అంచునంతా మురికి ఇట్టా పట్టుకుని ఉంది. ఎవరు కడిగారు దీన్ని?"

"ఎవరూ కడగలా అమ్మీ."

"అదే అనుకున్నా," అంది. నేను రెండో స్లైడు పెట్టాను. ఆమె మళ్లీ వంగింది, ఈసారి ఎక్కువసేపు చూసింది, ఈ చివర్నుంచి ఆ చివరకి జరపమంది, జరిపాను. తల ఎత్తినప్పుడు ఆ ముఖంలో వెలుగు చూసి నా నోట్లో పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఇదీ. ఇది నా చేతిది. ఎక్కడన్నా మరక ఉందా చూడు," అంది. తర్వాత, వరండాలో కృపావరానికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి, మీ సారు ఇవి చూసి ఏమన్నాడు అని అడిగింది. బాగున్నాయన్నాడు, పుస్తకంలో అచ్చు వేశాడు అన్నాను. అబద్ధం కాదు. ఆమె నవ్వింది, పరిహాసానికి అన్నట్టే అంది, ఏమే, మరి అన్ని పేగులు కడిగి ఇచ్చాను, నా పేరు ఎక్కడన్నా వేశాడా అని. వెయ్యలేదన్నాను. పోనీలే అంది, కానీ లేవలేదు, స్టూలు మీదే కూర్చుంది.

నేను బల్ల అవతల కూర్చుని తెల్లకాగితం తీసుకున్నాను. పత్రిక సంపాదకుడికి, గైడుకి కాదు, నేరుగా సంపాదకుడికే. ఇంగ్లీషు వాక్యం మొదటిది కుదరడానికి చానాసేపు పట్టింది, రాశాను. దాని తర్వాత వేడినీళ్ల సంగతి రావాలి, ఎవరు పోశారన్నది రావాలి, అక్కడ కలం ఆపాను. పోసింది ఎవరో వాళ్లకి అక్కర్లేదు. చూసుకోవాల్సింది ఎవరో అది చాలు. అమ్మ వచ్చి నా భుజం పక్కన నిలబడింది. ఆమెకి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు, ఖురాను మాత్రం వేలు పెట్టుకుని చదువుతుంది.

"నా పేరు రాస్తన్నావా?"

"రాశానమ్మీ."

"ఏదీ?"

మొదటి వాక్యం కింద వేలు పెట్టి చూపించాను. ముప్పై ఒక్క జంతువుల నుంచి పేగులు తీసినప్పుడు, తీశానని నేను రాసిన ఏ ఒక్కసారీ, నేను అక్కడ లేను, అని ఉంది అందులో. అమ్మ వంగి, ఆ వరస మొదట్నుంచి చివరిదాకా చూపుడువేలు మెల్లగా నడిపింది.

"ఇంత పొడుగుందా నా పేరు," అంది.